శిలాగర్భమున నీటి దారి



సాహిత్యమునకును సంగీతమునకును అలవాటుపడిన ఈ వేదికపై రాతిని గురించిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని నేటి విషయము పల్లెటూరి వారందరు నెరిగిన ఒక ప్రశ్నతో మొదలగుచున్నది. ఒకే ఊరిలో ఇద్దరు రైతులు బోరుబావులు త్రవ్వింతురు. ఇద్దరికిని ఇంచుమించు ఒకే లోతున నీరు తగులును. ఒకని బావి రేయింబవళ్ళు నీరిచ్చును. రెండవవాని బావి గంటసేపు పోసి ఆగిపోవును. మరల ఊరుటకు పూటంతయు పట్టును. నీరు రెండు చోట్లను ఉన్నది. తేడా యంతయు ఆ నీరు కదలి వచ్చుటకు రాయి ఇచ్చు దారిలో నున్నది. ఆ దారికి శాస్త్రమున పారగమ్యత యని పేరు. అది భూమిపై నిలిచి చూచువానికి కనబడదు. అట్టిదానిని పరమాణు కేంద్రకములలోని అయస్కాంత గుణము సాయముతో ఎట్లు అంచనా వేయుదురో, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చునో వివరించుటయే ఈ ప్రసంగోద్దేశము.

రాయి అనగానే సందులేని ఘనపదార్థమని సాధారణముగ తోచును. గ్రానైటు వంటి శిలల విషయమున అది చాలవరకు నిజమే. వానిలో నీరు పగుళ్ళలోను, శిథిలమైన పై పొరలోను మాత్రమే నిలుచును. ఇసుకరాయి సంగతి వేరు. అది పూర్వయుగములనాటి ఏటి ఇసుకయో, సముద్రతీరపు ఇసుకయో, పైన పేరుకొన్న మట్టి బరువునకు అణగి, రేణువులు ఒకదానికొకటి అతుకుకొనుటచే ఏర్పడినది. ఆ రేణువుల నడుమ సందులు మిగిలియుండును. రాతి మొత్తము పరిమాణములో ఈ సందుల వంతు ఎంతయో తెలుపునది సచ్ఛిద్రత. ఆ సందులు ఒకదానితో నొకటి కలసి ద్రవము పారుటకు ఎంతవరకు వీలిచ్చునో తెలుపునది పారగమ్యత. ఈ రెండింటిని ఒకటిగా తలచుట సామాన్యముగ జరుగు పొరపాటు.

తెలుగు రైతునకు ఈ భేదము పుస్తకము లేకయే తెలియును. నల్లరేగడి నేల వానకు తడిసి నెలల తరబడి తేమను పట్టియుంచును. ఆ తేమతోనే శీతకాలపు జొన్నయు శనగయు పండును. కాని రేగడిలో గుంట త్రవ్విన వెంటనే నీరూరదు. ఎండిన ఏటి ఇసుకలో మూరెడు లోతున చెలమ తీసినచో కొద్ది నిముషములలో నీరు నిండును. సందుల మొత్తమును లెక్కించినచో బంకమట్టి ఇసుకకు తీసిపోదు. పెక్కుమార్లు దానిని మించును. కాని బంకమట్టిలోని సందులు అతిసూక్ష్మములు. అందు ప్రతి బొట్టును ఏదో ఒక గోడ పట్టియుంచును. ఇసుకలో సందులు పెద్దవగుటచే నీరు గోడల పట్టు తప్పించుకొని పారును. కలిమి వేరు, ఈవి వేరు. సచ్ఛిద్రత రాతి కలిమిని తెలుపును; పారగమ్యత దాని ఈవిని తెలుపును.

ఈ ఈవికి మొదట లెక్క కట్టినవాడు ఒక ప్రభుత్వోద్యోగియని తెలిసిన ఈ సభవారు సంతోషింతురు. ఆయన పేరు హెన్రీ డార్సీ. ఫ్రాన్సు దేశమున రోడ్లు, వంతెనల శాఖలో ఇంజనీరు. స్వస్థలమైన డిజాన్ నగరమునకు మంచినీటి సౌకర్యము లేకుండుట చూచి, సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న ఊటనుండి కప్పిన కాలువ ద్వారా 1840లో నీరు తెచ్చెను. నీటిని ఇసుకలో వడపోయు పద్ధతిని చక్కగా తెలిసికొనగోరి, 1855, 1856 సంవత్సరములలో ఆ నగరపు ఆసుపత్రిలో ప్రయోగములు జరిపించెను. నిలువుగా నిలిపిన ఇనుప గొట్టములో ఇసుక నింపి, పైనుండి నీరు పంపి, క్రిందికి దిగు నీటిని కొలిపించెను. ఇసుక మందము పెరిగినకొలది ప్రవాహము తగ్గును. నీటి ఒత్తిడిలోని తేడా పెరిగినకొలది ప్రవాహము హెచ్చును. ఈ రెండును పోగా మిగులు గుణకము ఆ ఇసుక స్వభావము. 1856లో ప్రకటితమైన గ్రంథమున ఒక అనుబంధముగా వెలువడిన ఈ చిన్న సూత్రము నేటికిని భూగర్భజల శాస్త్రమునకును, పెట్రోలియము శాస్త్రమునకును పునాదిగా నున్నది.

తరువాతి తరములవారు పారగమ్యతను కొలుచు ప్రమాణమునకు డార్సీ యనియే పేరు పెట్టిరి. అందు వెయ్యవ వంతు మిల్లీడార్సీ. చక్కని ఇసుకరాయికి కొన్ని వందల మిల్లీడార్సీలుండును. కొన్నిటికి వేయికి పైగా నుండును. గట్టిగా అతుకుకొనిన ఇసుకరాయికి పదియో, ఒకటియో, అందు పదవ వంతో మాత్రమే యుండవచ్చును. చేతిలోనికి తీసికొని చూచిన ఈ రాళ్ళన్నియు ఒకే విధముగా కనబడవచ్చును. సచ్ఛిద్రతలో వాని నడుమ భేదము రెండు మూడు రెట్లకు మించకపోవచ్చును. పారగమ్యతలో మాత్రము వేయి రెట్లు, పది వేల రెట్లు తేడా యుండవచ్చును. చమురు బావి యొకటి లాభసాటియగునా కాదా అనునది పెక్కుమార్లు ఈ తేడాపై ఆధారపడియుండును.

ఇంతటి ముఖ్యమైన గుణమును కొలుచుటకు రెండు సూటి మార్గములు కలవు. మొదటిది, త్రవ్వునపుడే రాతిని కడ్డీవలె కోసి పైకి తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించుట. ఈ రాతి కడ్డీని కోర్ అందురు. దానిలో డార్సీ చేసినట్లే ద్రవమునో వాయువునో పంపి కొలువవచ్చును. కాని కోర్ తీయుటకు సమయమును ధనమును మిక్కిలిగా వ్యయమగును. వేల అడుగుల బావిలో కొన్ని పదుల అడుగులకు మాత్రమే తీయుట పరిపాటి. రెండవది, బావిని కొంతకాలము పారించి, తరువాత మూసి, ఒత్తిడి ఎట్లు కోలుకొనునో చూచుట. ఇది నమ్మదగిన పరీక్షయే. కాని అది ఒక మందమైన పొర అంతటికి సగటును చెప్పునేగాని, అందు ఏ అడుగు ఇచ్చునదియో, ఏ అడుగు ఇవ్వనిదియో విడదీసి చెప్పదు. కావున బావి పొడవునను అడుగడుగునకు పారగమ్యతను చెప్పగల సాధనము కావలసివచ్చినది.

అట్టి సాధనమునకు త్రోవ చూపినవారిలో ఆస్ట్రియా దేశీయుడైన కోజెనీ 1927లోను, కార్మన్ 1937లోను ముఖ్యులు. వారి వాదము స్థూలముగ ఇది. రాతిలోని సందులను సన్నని గొట్టముల సముదాయముగా భావింపుడు. ద్రవము గొట్టముల గోడలను రాచుకొని పోవుటచే నిరోధము పుట్టును. గోడ ఎంత ఎక్కువయో నిరోధమంత ఎక్కువ. కావున సందుల మొత్తమును, ఆ సందుల గోడల వైశాల్యమును తెలిసినచో పారగమ్యతను లెక్కింపవచ్చును. మొదటిది తెలిసికొను పద్ధతులు త్వరలోనే వచ్చినవి. రెండవది, అనగా వేల అడుగుల లోతున చీకటిలోనున్న సూక్ష్మ రంధ్రముల గోడలను కొలుచుట, చిరకాలము సాధ్యము కాలేదు. దానికి ఉపాయము ఎవరును ఊహింపని దిక్కునుండి, కేంద్రక భౌతికశాస్త్రమునుండి వచ్చినది.

ఆ శాస్త్ర ఫలితమును నేడు సామాన్యులు సయితము ఆసుపత్రులలో చూచుచున్నారు. ఎం. ఆర్. ఐ. పరీక్ష యనునది కేంద్రక అయస్కాంత అనునాదమునకు వైద్యరూపము. కేంద్రక మను మాట విని రోగులు భయపడుదురని కాబోలు, వైద్యులు ఆ పదమును పేరునుండి తొలగించిరి. నిజమునకు దీనిలో ప్రమాదకరమైన కిరణములేవియు లేవు. నీటి అణువులో హైడ్రోజను పరమాణువులు రెండు కలవు. ప్రతి హైడ్రోజను కేంద్రకమును ఒక చిన్న అయస్కాంతము వంటిది. బొంగరమువలె భ్రమణ గుణము కలది. తిరుగు బొంగరము ఒరిగినపుడు దాని తల మెల్లగా వృత్తాకారముగ ఊగును గదా. అట్లే అయస్కాంత క్షేత్రములో నుంచిన కేంద్రకము ఒక నిర్ణీత వేగముతో ఊగును. క్షేత్రబలము 1 టెస్లా అయినచో ఆ ఊపు సెకనుకు సుమారు 4 కోట్ల 26 లక్షల మార్లు. సరిగా అదే వేగము గల రేడియో తరంగమును పంపినచో కేంద్రకములు దానికి స్పందించి ఒక్కుమ్మడిగా ఒరుగును. తరంగమును ఆపిన పిమ్మట కొంతసేపు కలసికట్టుగా ఊగుచు తామే సన్నని రేడియో సంకేతము నిచ్చును. క్రమముగా ఆ కట్టు సడలిపోయి సంకేతము అణగిపోవును. అణగిపోవుటకు పట్టు కాలమును విశ్రాంతి కాలమందురు.

ఈ అనునాదమును ఘన, ద్రవ పదార్థములలో మొదట పట్టుకొనినవి అమెరికాలోని రెండు బృందములు. హార్వర్డులో పర్సెల్ బృందము 1945 డిసెంబరులో పారఫిన్ మైనములోను, స్టాన్‌ఫర్డులో బ్లాఖ్ బృందము 1946 తొలినాళ్ళలో నీటిలోను దీనిని కనుగొనినవి. వారిద్దరికిని 1952లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. ఈ విద్య భారతదేశమునకు చేరుటలో ఆలస్యము జరుగలేదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సూర్యన్ 1951లోనే, పారుచున్న ద్రవములలో అనునాద సంకేతము ఎట్లు మారునో ప్రకటించెను. స్టాన్‌ఫర్డులో అదే సంవత్సరమున ఆల్కహాలు అణువులోని వేర్వేరు హైడ్రోజనులను ఈ పద్ధతితో వేరుపరచి చూపిన ముగ్గురిలో ధర్మట్టి ఒకరు. ఆయన తరువాత బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో ఈ శాఖకు నాయకత్వము వహించెను.

ఇక రాతి సంగతి. పాత్రలోనున్న శుద్ధమైన నీటికి విశ్రాంతి కాలము రెండు మూడు సెకనులుండును. అదే నీరు రాతి సందులో నున్నపుడు ఆ కాలము సెకనులో పదవ వంతునకో, నూరవ వంతునకో, వెయ్యవ వంతునకో తగ్గిపోవును. కారణము సందు గోడ. నీటి అణువులు నిలుకడ లేక ఎల్లప్పుడు అటునిటు తిరుగుచుండును. గోడకు తగిలిన కేంద్రకము, ఆ గోడనున్న ఇనుము వంటి పదార్థముల ప్రభావమున, తన ఊపును కోల్పోవును. విశాలమైన కోనేటిలో ఈదువాడు ఎప్పుడో గాని గట్టును తాకడు. ఇరుకు తొట్టిలో దిగినవానికి కదలినప్పుడెల్ల గోడయే తగులును. అట్లే పెద్ద సందులోని నీరు తన సంకేతమును చాలసేపు నిలుపుకొనును. చిన్న సందులోని నీరు వెంటనే కోల్పోవును. కావున విశ్రాంతి కాలమును కొలిచినచో, సందు పరిమాణమునకును గోడ వైశాల్యమునకును గల నిష్పత్తి తెలియును. కోజెనీ, కార్మన్‌లు కోరిన రెండవ సంఖ్య ఇదియే.

సంకేతమునుండి రెండు వార్తలు ఒక్కసారిగా వచ్చుట ఇందలి విశేషము. సంకేతము మొదట ఎంత బలముగా నున్నదో చూచినచో హైడ్రోజను ఎంత యున్నదో, అనగా ద్రవము మొత్తమెంతయో తెలియును. అది సచ్ఛిద్రత. సంకేతము ఎట్లు అణగినదో చూచినచో ఆ ద్రవము ఎంతెంత సందులలో నున్నదో తెలియును. రాతి గట్టిపదార్థములోని కేంద్రకములు ఈ సాధనమునకు వినబడవు. సందులలోని ద్రవము మాత్రమే పలుకును.

నీటి కేంద్రకముల సంకేతమును చక్కగా పట్టుటకు 1950లో హాన్ కనిపెట్టిన ప్రతిధ్వని పద్ధతియు, 1954లో కార్, పర్సెల్‌లును, 1958లో మైబూమ్, గిల్‌లును చేసిన మెరుగులును తోడ్పడినవి. బ్రౌన్, ఫాట్ అనువారు 1956లో చమురు శిలల గోడల స్వభావమును విశ్రాంతి కాలము ద్వారా పరీక్షించిరి. 1960లో ఈ సాధనమును బావిలోనికి దింపిన వృత్తాంతము వెలువడినది. ఆనాటి సాధనములు భూమి యొక్క సహజ అయస్కాంత క్షేత్రముపై ఆధారపడినవి. అందువలన బావిని నింపిన బురదనీటి సంకేతము శిలలోని నీటి సంకేతమును ముంచివేసెడిది. దాని నోరు నొక్కుటకై బావి బురదలో మాగ్నటైటు పొడి కలుపవలసివచ్చెడిది. త్రవ్వువారికి అది పెద్ద శ్రమ. ఆ కారణమున పద్ధతి మంచిదైనను చాలకాలము వాడుకలోనికి రాలేదు.

చిక్కు విడిపోయినది 1970ల దశకము చివర. అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జాక్సన్ మున్నగువారు అయస్కాంతమునే బావిలోనికి దింపి, దాని క్షేత్రము బావి గోడకు వెలుపల ఒక నిర్ణీత స్థానమున సమముగ నుండునట్లు అమర్చిరి. ఆసుపత్రిలో మనిషి అయస్కాంతము లోపలికి పోవును. ఇక్కడ అయస్కాంతము భూమి లోపలికి పోయి, తన వెలుపలి దానిని పరీక్షించును. ఈ తలక్రిందుల అమరిక వలన బురదలో పొడి కలుపవలసిన అవసరము తప్పినది. 1990ల దశకములో ఇట్టి సాధనములు వ్యాపారపరముగ ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చినవి. నేడు త్రవ్వు బరమా వెనుకనే వీనిని అమర్చి, త్రవ్వుచుండగనే కొలతలు తీయుటయు కలదు.

కొలతనుండి పారగమ్యతకు ఎట్లు పోవుదురు? 1966లో సీవర్స్ ఇసుకరాళ్ళ పారగమ్యతను ఈ పద్ధతితో నిర్ణయింపవచ్చునని చూపెను. 1968లో టిమూర్ ఉత్తర అమెరికాలోని మూడు చమురు క్షేత్రములనుండి తెచ్చిన 155 ఇసుకరాతి ముక్కలను పరీక్షించి, సచ్ఛిద్రతకును, రాయి విడువక పట్టియుంచు నీటికిని, పారగమ్యతకును గల సంబంధమును సూత్రీకరించెను. ఆ త్రోవనే నడచినది నేడు టిమూర్–కోట్స్ సూత్రమని వ్యవహరింపబడునది. 1988లో కెన్యన్ బృందము ప్రకటించిన పరిశోధననుండి పుట్టినది మరియొక సూత్రము. అది సచ్ఛిద్రత నాలుగవ ఘాతమును, విశ్రాంతి కాలపు సగటు వర్గమును హెచ్చవేసి పారగమ్యతను చెప్పును.

మొదటి సూత్రమును ఒక లెక్కతో చూచుట మంచిది. సందులలోని నీటిని రెండుగా విభజింతురు. గోడలు పట్టియుంచిన నీరు బద్ధజలము. పారగలిగిన నీరు స్వేచ్ఛాజలము. ఇసుకరాళ్ళలో విశ్రాంతి కాలము 33 మిల్లీసెకనులకు తక్కువైన నీటిని బద్ధమనియు, మించినదానిని స్వేచ్ఛ యనియు లెక్కించుట వాడుక. సున్నపురాళ్ళలో ఈ హద్దును సుమారు 92 మిల్లీసెకనులుగా తీసికొందురు. ఇప్పుడు సచ్ఛిద్రతను శాతములో వ్రాసి, వాడుకలోనున్న స్థిరాంకమైన 10తో భాగించి, నాలుగవ ఘాతమునకు పెంచవలెను. స్వేచ్ఛాజలమును బద్ధజలముతో భాగించి వర్గము చేయవలెను. ఈ రెండింటిని హెచ్చవేయగా వచ్చునది మిల్లీడార్సీలలో పారగమ్యత.

సచ్ఛిద్రత 20 శాతముగా గల రాళ్ళు రెండున్నవనుకొనుడు. మొదటిదానిలో స్వేచ్ఛాజలము 15 వంతులు, బద్ధజలము 5 వంతులు. 20ని 10తో భాగింపగా 2. దాని నాలుగవ ఘాతము 16. 15ను 5తో భాగింపగా 3. దాని వర్గము 9. హెచ్చవేసిన 144 మిల్లీడార్సీలు. రెండవదానిలో వంతులు తారుమారైనవి. స్వేచ్ఛాజలము 5, బద్ధజలము 15. అప్పుడు 16ను 9తో భాగింపవలెను. 2 మిల్లీడార్సీలకు లోపలనే తేలును. కలిమి రెండింటికి సమానమే. ఈవిలో 81 రెట్ల తేడా! సచ్ఛిద్రతను మాత్రమే చూచి నిర్ణయించువాడు ఈ రెండింటిని ఒకే గాట కట్టెడివాడు.

ఈ లెక్కలోనే ఒక హెచ్చరికయు కలదు. సచ్ఛిద్రతను నూటికి పది వంతులు అధికముగ కొలిచినచో, నాలుగవ ఘాతమున ఆ దోషము సుమారు 46 వంతులుగా పెరుగును. హద్దును కొంచెము జరుపుటవలన మొదటి రాతిలోని ఒక్క వంతు నీరు స్వేచ్ఛనుండి బద్ధమునకు మారినదనుకొనుడు. 15కు బదులు 14, 5కు బదులు 6 అగును. ఫలితము 144నుండి సుమారు 87కు పడిపోవును. రాయి మారలేదు, నీరు మారలేదు. గీత గీచిన చోటు మారినది. అందుచేత ఆయా క్షేత్రముల కోర్ ముక్కలను ప్రయోగశాలలో పరీక్షించి, ఆ శిలకు తగిన హద్దును, తగిన స్థిరాంకమును నిర్ణయించుకొనుట విధి. ఒకచోట కుదిరిన సంఖ్యను మరియొకచోట కన్నులు మూసికొని వాడరాదు.

ఇంతకంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. ఈ సాధనము గదుల పరిమాణమును చెప్పును. గదుల నడుమనున్న ద్వారముల పరిమాణమును చెప్పదు. పారుదల మాత్రము ద్వారములపై ఆధారపడును. ఇసుకరాళ్ళలో పెద్ద గదులకు పెద్ద ద్వారములు, చిన్న గదులకు చిన్న ద్వారములు ఉండుట సాధారణము. ఆ పొత్తు ఉన్నంతవరకు సూత్రము చక్కగా పనిచేయును. కొన్ని సున్నపురాళ్ళలో నీరు రాతిని కరగించి పెద్ద పెద్ద తొఱ్ఱలు చేయును. తొఱ్ఱకు తొఱ్ఱకు దారి యుండకపోవచ్చును. అట్టిచోట విశ్రాంతి కాలము దీర్ఘముగా కనబడి, లేని ఈవిని ఉన్నట్లు చూపును. దీనికి విరుద్ధముగ, సన్నని పగుళ్ళున్న రాతిలో పగుళ్ళ పరిమాణము స్వల్పమగుటచే సంకేతములో వాని గొంతు వినబడదు. కాని నీరంతయు వాని ద్వారానే పారవచ్చును. గ్రానైటు నేలలలోని బావులు ఇట్టివే.

ద్రవ స్వభావమును గూడ గమనింపవలెను. చిక్కని ముడిచమురు పెద్ద సందులో నున్నను త్వరగా విశ్రమించును; సాధనము దానిని బద్ధజలముగా పొరబడును. సందులలో వాయువున్నచో హైడ్రోజను పలుచగా నుండుటచే సచ్ఛిద్రత తక్కువగా కనబడును. ఆ లోపము నాలుగవ ఘాతమున ఇంకను పెరుగును. పైగా సాధనము బావి గోడనుండి కొన్ని అంగుళముల మేర మాత్రమే చూడగలదు. త్రవ్వకపు బురదలోని నీరు అక్కడికి అప్పటికే ఇంకియుండును. ఇవన్నియు తెలిసినవాడే సంకేతమును సరిగా చదువగలడు.

ఈ విద్యకును తెలుగు నేలకును సంబంధమేమని అడుగువారికి కృష్ణా గోదావరి మండలము సమాధానము చెప్పును. ఆ రెండు నదులు యుగయుగములుగా మోసికొని వచ్చిన ఇసుకయు బంకమట్టియు డెల్టా క్రిందను, సముద్రగర్భమునను పొరలు పొరలుగా పేరుకొనియున్నవి. లోతైన సముద్రము అడుగున, చలికిని ఒత్తిడికిని, నీరును మీథేను వాయువును కలసి మంచువంటి పదార్థమగును. దీనిని గ్యాస్ హైడ్రేటు అందురు. భారత జాతీయ గ్యాస్ హైడ్రేటు కార్యక్రమము క్రింద 2006లో జరిగిన తొలి అన్వేషణలో ఈ మండలమున సముద్రగర్భపు బంకమట్టి పగుళ్ళలో దట్టమైన హైడ్రేటు కనబడినది. కాని బంకమట్టి ఈవి లేనిది. అందులోని వాయువును రాబట్టుట దుస్తరము. అందుచేత 2015లో జపానుకు చెందిన చిక్యు నౌకపై జరిగిన రెండవ అన్వేషణ ఇసుక పొరలకై వెదకినది. కృష్ణా గోదావరి మండలపు లోతు సముద్రమున అట్టి ఇసుక పొరలలో హైడ్రేటు సమృద్ధిగా కనుగొనబడినది.

ఆ అన్వేషణలో త్రవ్వుచుండగనే కొలతలు తీసిన సాధనములలో అయస్కాంత అనునాద సాధనమును ఒకటి. ఇక్కడ దాని ప్రయోజనము రెండింతలు. మంచువలె గట్టిపడిన హైడ్రేటులోని హైడ్రోజను సంకేతము అతిత్వరగా అణగిపోవుటచే సాధనమునకు వినబడదు. ద్రవముగా మిగిలిన నీరు మాత్రమే వినబడును. సాంద్రతను కొలుచు మరియొక సాధనము సందుల మొత్తమును చెప్పును. ఒకదానినుండి మరియొకదానిని తీసివేసినచో హైడ్రేటు ఎంతయో తెలియును. మిగిలిన నీటి విశ్రాంతి కాలమునుండి, హైడ్రేటు నిండియున్న స్థితిలో ఆ పొర పారగమ్యతను అంచనా వేయవచ్చును. ఒత్తిడి తగ్గించి హైడ్రేటును కరగింపవలెనన్న, ఆ ఒత్తిడి మార్పు పొరలో ఎంతదూరము వ్యాపించునో ఈ సంఖ్యయే నిర్ణయించును. వాయువు కలదు అనుటకును, వాయువు చేతికందును అనుటకును నడుమ నిలిచిన ప్రశ్న ఇదియే.

సచివాలయములలో పనిచేయువారికి అంచనా యను మాట క్రొత్తది కాదు. బడ్జెటు అంచనా వేరు, సవరించిన అంచనా వేరు, ఏడాది చివరను తేలు వాస్తవ వ్యయము వేరు. శిల విషయమునను అంతే. సాధనము బావిలోనుండి పంపిన సంకేతముతో వేసినది తొలి అంచనా. కోర్ ముక్కల పరీక్షతో దిద్దినది సవరించిన అంచనా. బావిని పారించి చూచినది వాస్తవము. తొలి అంచనా తప్పగునేమోయని దానిని మానుకొనువాడు పని మొదలుపెట్టలేడు. దానినే వాస్తవమని భ్రమించువాడు ప్రజాధనమును రాతిలో పోయును. సాధనము నిజముగ కొలిచినది ఒక కాలమును, ఒక సంకేత బలమును మాత్రమే. సందు పరిమాణము ఆ కొలతపై కట్టిన అనుమానము. పారగమ్యత ఆ అనుమానముపై కట్టిన మరియొక అనుమానము. ప్రతి మెట్టునను ఏది కొలత, ఏది అనుమానము అని విడదీసి వ్రాసినచో, తరువాత వచ్చి కాగితము చదువువానికి తప్పు ఎక్కడ ప్రవేశించినదో వెదకి దిద్దుకొను వీలుండును.

డార్సీ ఇసుక గొట్టమునుండి గోదావరి ముఖమున సముద్రగర్భమునకు దింపిన అయస్కాంతము వరకు నూట యేబది యేండ్లకు పైగా గడచినవి. అడుగబడిన ప్రశ్న మాత్రము మారలేదు: లోపలనున్నది బయటికి ఎంత సులువుగా వచ్చును? ఇచ్చటికి వచ్చిన బాలబాలికలు సెలవులకు స్వగ్రామములకు పోయినపుడు, ఒక గ్లాసులో ఏటి ఇసుకయు, మరియొక గ్లాసులో పొడిచేసిన రేగడి మట్టియు నింపి, రెండింట సమానముగ నీరు పోసి చూతురుగాక. ఏది త్వరగా త్రాగునో, ఏది తేలికగా విడుచునో గడియారము పెట్టి వ్రాసికొనినచో, పారగమ్యత యను మాటకు అర్థము నిఘంటువు చూడకయే తెలియును.